తిరుగునది పనియా, పనిముట్టా?

పుష్యమాఘ మాసములలో ఆర్మూరు ప్రాంతమునకు బోయినవారికి మొదట కానవచ్చునది పసుపు. చేలలో త్రవ్విన కొమ్ములను స్త్రీలు మట్టి దులిపి వేరుచేయుదురు. పిమ్మట వానిని ఉడికించి, పది పదునైదు దినములు కళ్లములలో నెండబెట్టుదురు. ఎండిన కొమ్ము గట్టిపడును గాని, పొలుసులతోను వేళ్ళ పీచుతోను చూచుటకు ముతకగా నుండును. కావున దానిని ఇనుప పీపాలో బోసి త్రిప్పుదురు. కొమ్ము కొమ్మును రాచుకొని, పీపా గోడను రాచుకొని, పైపొర రాలిపోగా లోపలి పచ్చదనము బయటపడును. మన ఇల్లాండ్రు గడపకు బూయు పసుపు ఇట్లు తిరిగి తిరిగి మన యింటికి వచ్చినదే.

ఆ పీపాను త్రిప్పు చక్రమును ఇరుసునకు బిగించుటకు వ్రేలెడు పొడవుగల ఉక్కు పిన్ను ఒకటి యుండును. అది అరిగినను విరిగినను పీపా నిలిచిపోవును. పీపా నిలిచినచో బండ్ల కొలది పసుపు కళ్లములో నిలిచిపోవును. ఆ దినములలో మబ్బు పట్టినచో రైతు గుండె యెట్లు కొట్టుకొనునో చెప్పనక్కరలేదు. పిన్ను ఖరీదు స్వల్పమే; అది లేని నష్టము మాత్రము స్వల్పము కాదు.

అట్టి పిన్నును గుండ్రని కడ్డీనుండి చెక్కుటకు తగిన యంత్రము లేతు. మన పూర్వులు దీనిని తరిమెన యనిరి. అయితే లేతు లేని చిన్న కార్ఖానాలో మిల్లింగు మిషను మాత్రమే యున్నదనుకొందము. తెలివిగల పనివాడు అంతటితో తలుపు మూసికొనడు. మిల్లింగు మిషనులో కోతచక్రమును బిగించు తావున గుండ్రని కడ్డీని బిగించును. కడ్డీని బిగించు తావున, అనగా బల్లమీది వైసులో, కోత ఉలిని నిలువుగా బిగించును. పని పనిముట్టు స్థానమునకును, పనిముట్టు పని స్థానమునకును మారినవి. యంత్రము త్రిప్పగనే మిల్లు లేతగును. ఇది చూచువారికి గారడివలె దోచును. కాని యిందులో యంత్రవిద్య యొక్క రెండువేల యేండ్ల చరిత్ర యిమిడియున్నది. ఆ చరిత్రలో ఆర్మూరు ప్రాంతమునకు గూడ చోటున్నది. దానిని మన చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

తరిమెన మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టు దేశమున పెటోసిరిసు అను అర్చకుని సమాధి గోడలపై క్రీస్తునకు పూర్వము 300 ప్రాంతమున చెక్కిన చిత్రములలో నిద్దరు పనివారు కానవత్తురు. ఒకడు త్రాడు లాగి కొయ్యను త్రిప్పుచుండగా రెండవవాడు దానికి ఉలి ఆనించుచున్నాడు. అందు కొయ్య నిలువుగా చిత్రింపబడియుండుట గమనింపదగినది. నిలువు మిల్లింగు మిషనునుండి వ్రేలాడు కడ్డీని చూచినవారికి ఆ చిత్రము తప్పక జ్ఞప్తికి వచ్చును.

మన తెలుగుదేశమున ఈ విద్య నేటికిని సజీవముగా నున్నది. వరాహనది యొడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో, అంకుడు కొయ్యను తరిమెనపట్టి లక్కబొమ్మలు చేయుదురు. తిరుగుచున్న కొయ్యకు లక్కకణికను ఆనింపగా, రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టును. ఆ లక్కలో పసుపు రంగు కొరకు కలుపు సహజవర్ణములలో మన పసుపుకొమ్ము ఒకటి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పసుపును త్రిప్పు పీపాయు, పసుపును పూసికొని తిరుగు బొమ్మయు, ఒకే భ్రమణధర్మముచే నడచుచున్నవి.

పూర్వపు తరిమెనలో ఉలి మనుష్యుని చేతిలో నుండెడిది. చేయి వణకినచో పని చెడెడిది. ఇంగ్లాండులో హెన్రీ మాడ్స్‌లే యను కమ్మరి 1800 ప్రాంతమున ఉలిని చేతినుండి తీసి ఇనుప జారుపీటపై బిగించెను. మరసూత్రముచే నడచు ఆ పీట ఉలిని వెండ్రుకవాసి ముందునకును వెనుకకును జరపగలిగెను. అతడు విశ్వవిద్యాలయమున జదివినవాడు కాడు. పండ్రెండేండ్ల ప్రాయముననే ఆయుధశాలలో పనికి జేరినవాడు. చేతియొక్క నేర్పు యంత్రముయొక్క గుణముగా మారినది అప్పుడే.

తిరుగునది ఎల్లప్పుడును పనియే కానక్కరలేదని దానికి కొంచెము ముందే తేలినది. జాన్ విల్కిన్‌సన్ అను నతడు 1775 ప్రాంతమున ఆవిరి యంత్రపు పెద్ద సిలిండరును కదలకుండ నిలిపి, దాని లోపల ఉలిని త్రిప్పి తొలిచెను. జేమ్సు వాటు యంత్రము సరిగా పనిచేయుటకు ఆ సిలిండరే ఆధారమైనది. పని మిక్కిలి పెద్దదైనచో దానిని త్రిప్పుటకంటె ఉలిని త్రిప్పుట మేలని యీ యుదాహరణము బోధించుచున్నది. పిమ్మట 1810 మొదలు 1820 వరకు గల కాలమున అమెరికాలోని తుపాకి కార్ఖానాలలో, అనేక పండ్లుగల కోతచక్రమును త్రిప్పి, బల్లపై బిగించిన ఇనుమును చదును చేయు యంత్రము రూపొందినది. అదియే మిల్లింగు మిషను.

ఇక్కడ మన విషయమునకు మిక్కిలి దగ్గరైన ఘట్టము వచ్చును. 1861, 1862 సంవత్సరములలో, అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండగా, తుపాకి భాగములకు రంధ్రములు తొలుచుటకు మెలిక గాడులుగల డ్రిల్లులు కావలసివచ్చినవి. గుండ్రని కడ్డీపై మెలిక గాడిని ఆకురాతితో చేత తీయుట వ్యయమును కాలమును హరించుచుండెను. జోసెఫ్ బ్రౌను అను యంత్రకారుడు ఆ చిక్కును దీర్చుటకు సార్వత్రిక మిల్లింగు మిషనును గల్పించెను. అందు గుండ్రని కడ్డీని పట్టుకొని, బల్ల జరుగుచుండగా తగినంత మెల్లగా దానిని త్రిప్పు శిరోభాగ మొకటి యుండెను. మిల్లింగు మిషనులో గుండ్రని పనిని పట్టి త్రిప్పుట నేటి యగచాటు వలన బుట్టిన ఉపాయము కాదనియు, ఆ యంత్రపు బాల్యముననే దానితో గూడ పెరిగినదనియు దీనివలన స్పష్టమగుచున్నది. 1938లో కనెక్టికట్టు రాష్ట్రమున వెలువడిన బ్రిడ్జిపోర్టు నిలువు మిల్లు వంటి చిన్న యంత్రములు లోకమంతట వ్యాపించిన పిమ్మట ఈ యుపాయము చిన్న కార్ఖానాలకు గూడ అందుబాటులోనికి వచ్చెను.

ఉపాయము చెప్పుట సులభము; పట్టు నేర్చుట కష్టము. కావున చదువరులు కొంచెము ఓపికతో మాతో గూడ యంత్రము చెంత నిలువవలెనని కోరుచున్నాము.

గుండ్రని వస్తువును సమతలమైన రెండు దవడల నడుమ బిగించినచో, అది రెండు గీతల వెంబడి మాత్రమే తాకును. ఉలి దెబ్బకు దొరలిపోవుటకు దానికి ఎంతసేపు? అందుచేత బల్లమీద గుండ్రని పనిని పట్టవలసినపుడు 'వి' ఆకారపు గాడిగల ఉక్కుదిమ్మెలో నుంచి పైనుండి పట్టీ బిగింతురు. అప్పుడు క్రింద రెండు గీతలును పైన నొకటియు గలిసి మూడు చోట్ల పట్టు దొరకును. పనిని తిరుగుబోతు కదురులో పట్టవలసినపుడు రెండు మార్గములు గలవు. మొదటిది కొల్లెట్టు. అది చీలికలుగల ఉక్కు గొట్టము. వెలుపలివైపు శంకువువలె నుండును. పైనుండి లాగుడుకడ్డీ దానిని కదురులోని శంకువు రంధ్రములోనికి లాగగా, చీలికలు దగ్గరపడి కడ్డీని చుట్టును సమముగా కౌగిలించుకొనును. ఒక్కొక్క కొల్లెట్టు ఒక్కొక్క కొలతకే పనికివచ్చుట దాని లోపము. తిన్నగా తిరుగుట దాని గుణము. రెండవది మూడు దవడల చక్కు. ఒకే తాళపుచెవి త్రిప్పగా మూడు దవడలును గలిసి దగ్గరకు జరుగునట్టి చుట్టగాడి చక్కునకు 1840లో సైమన్ ఫేర్మన్ అను అమెరికా దేశస్థుడు పేటెంటు పొందెను. అది పెక్కు కొలతలను పట్టును గాని బరువైనది, పొడవైనది. కొల్లెట్టంత తిన్నదనము దానికి లేదు.

డ్రిల్లులు పట్టు చిన్న చక్కుతోనే యీ పని గడుపవచ్చునని కొందరు తలంతురు. అది ప్రమాదకరము. డ్రిల్లు చక్కు నిలువుగా నొత్తు బలమును సహించుటకు జేయబడినది. ప్రక్కనుండి ఉలి నెట్టినపుడు, శంకువు పట్టుమీద మాత్రమే నిలిచియుండు ఆ చక్కు ఊడిపడుట కలదు.

ఇక ఉలి. దాని మొన కడ్డీయొక్క నడిమి రేఖకు సూటిగా నుండవలెను. మిల్లు బల్లకు అడ్డముగా నొకటి, నిలువుగా నొకటి రెండు జారుడుబాటలు గలవు. ఒకదానితో ఉలిని నడిమి రేఖకు దెచ్చి బిగించి, రెండవదానితో కోతలోతును పెంతురు. కదురును దింపుటచేతగాని బల్లను ఎత్తుటచేతగాని ఉలి కడ్డీ పొడవున నడచును. ఉలి అర మిల్లీమీటరు ముందునకు జరిగినచో కడ్డీ వ్యాసము ఒక మిల్లీమీటరు తగ్గును. ఇది మరచి పని చెడగొట్టుకొన్న క్రొత్తవారు పెక్కురు. వేగమునకును లెక్క గలదు. మెత్తని ఉక్కును హైస్పీడు ఉలితో కోయుటకు నిమిషమునకు 25 మీటర్ల అంచు వేగము తగియుండును. దాని ప్రకారము 10 మిల్లీమీటర్ల కడ్డీ నిమిషమునకు సుమారు 800 చుట్లును, 20 మిల్లీమీటర్ల కడ్డీ 400 చుట్లును తిరుగవలెను.

ఈ యుపాయమునకు హద్దులు గలవు. లేతులో పొడవైన పనికి రెండవ కొనను ఆనుటకు వెనుక శిరస్సు గలదు. మిల్లులో కడ్డీ ఒక కొననే పట్టుకొని వ్రేలాడును. వ్యాసమునకు మూడింతల పొడవుకంటె నెక్కువ వ్రేలాడదీసినచో ఉలి ఒత్తిడికి వంగును. క్రింది కొన లావుగాను పై భాగము సన్నముగాను వచ్చును. కదురు బోలుగా నున్నను లాగుడుకడ్డీ ఆ బోలును ఆక్రమించుటచే పొడవైన కడ్డీని పైకి దూర్ప వీలులేదు. ఈ హద్దులలో నుండువరకు పసుపుపీపా పిన్ను అరగంటలో తయారగును. హద్దు దాటినచో పనియు, పనివాని చేయియు చెడును. యుక్తి యనగా హద్దు నెరుగుటయే గాని హద్దును ధిక్కరించుట కాదు.

చదువరులారా, ఇంతవరకు కదురును గూర్చియు పట్టును గూర్చియు జెప్పితిమి. కోయునది మాత్రము ఉలిమొన. ఉలిమొనకు ఉక్కు కావలెను. ఆ ఉక్కు చరిత్ర మమ్ము మరల ఆర్మూరునకే తీసికొనివచ్చుచున్నది.

ఆర్మూరునకు తూర్పున, కమ్మరిపల్లి ప్రాంతమున, కోనసముద్రమను గ్రామము గలదు. పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగమువరకు ఇచట మూసలలో ఉక్కు వండెడివారు. ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, అందు ఇనుమును తగిన దినుసులతో నుంచి మూత మెత్తి, బొగ్గుల కొలిమిలో తిత్తులూది కరగించెడివారు. చల్లారిన మూసను పగులగొట్టగా ఉక్కుముద్ద లభించెడిది. పాశ్చాత్యులు దీనిని వూట్జు అనిరి. ఆ పేరు మన 'ఉక్కు' శబ్దమునుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు. మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడునైన హెన్రీ వాయిసీ ఈ గ్రామమునకు వచ్చి ఆ పద్ధతిని జూచి వ్రాసికొనెను. ఆ ఉక్కు కొరకు పారశీక దేశమునుండి వర్తకు లిచటికి వచ్చుచుండిరని అతడు వర్ణించెను. అతడు 1824లో మరణింపగా, ఆ వ్రాత 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఆ కాలముననే లండనులో, పిమ్మట విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన మైకేలు ఫారడే, స్టోడార్టు అను కత్తులు చేయువానితో గూడి, హిందూదేశపు ఉక్కును పరీక్షించి, దానివంటి ఉక్కును జేయుటకు పాటుపడుచుండెను.

ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. లండనులో శాస్త్రజ్ఞుడును కత్తులవాడును ఒకే బల్లయొద్ద కూర్చుండి, తాము చేసినదానిని ఎప్పటికప్పుడు అచ్చువేయించుచుండిరి. కోనసముద్రమున ఉక్కు వండువాడు తన విద్యను కుమారుని చెవిలో మాత్రమే చెప్పెను. అక్షరము నెరిగినవాడు ఆ కొలిమి దాపునకు బోవుట తన మర్యాదకు తక్కువ యని తలంచెను. కొలిమి ఆరినది, అమ్మకము పోయినది, పరదేశపు ఉక్కు చౌకగా వచ్చినది. దానికి కారణములు పెక్కు గలవు. అన్నియు మన దోషములు కావు. కాని ఆరిన కొలిమియొక్క విద్యను తెలుగున ఒక్క పుటలోనైన భద్రపరుపకపోవుట మాత్రము పరుల దోషము కాదు. 2010లో బెంగుళూరునందలి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారును ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయము వారును గలిసి ఉత్తర తెలంగాణమున తిరిగి, పొలములలోని చిట్టెపు రాళ్లను మూసల పెంకులను జూచి ఆ విద్యను పునర్నిర్మింపవలసివచ్చెను. మనుష్యుడు చెప్పియుండవలసినదానిని పెంకులను అడుగవలసివచ్చుట ఎంతటి దైన్యము!

పిమ్మట యంత్రములు మన దేశమునకును వచ్చినవి. ఇదే జిల్లాలోని బోధనులో 1937లో నిజాము చక్కెర కర్మాగారము నెలకొనెను. 2015లో మూతపడువరకు అది చెరకు గానుగల ఇనుపరోళ్లను బాగుచేయు నేర్పరులకు నీడయై యుండెను. సికిందరాబాదులో 1943లో స్థాపింపబడి, 1988లో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ వారిలో గలిసిన ప్రాగా టూల్స్ సంస్థ మిల్లింగు మిషనులను డ్రిల్లు చక్కులను తయారుచేసి మన పనివారికి అందించెను. 1950లో కేంద్రప్రభుత్వము చేతిపనుల శిక్షణప్రణాళికను ప్రారంభించి, ఐ.టి.ఐ.లలో టర్నరు, మెషినిస్టు, ఫిట్టరు మున్నగు వృత్తులను బోధింపసాగెను. ఇనుము లేదని, యంత్రము లేదని, పాఠశాల లేదని మన మిక చెప్పుకొన వీలులేదు.

అయినను ఒక లోపము మిగిలియున్నది. పాఠశాలలో టర్నరు వేరు, మెషినిస్టు వేరు. పనిని త్రిప్పువా డొకడు, పనిముట్టును త్రిప్పువా డొకడు. మిల్లును లేతుగా మార్చు పనివాడు ఆ రెండింటి నడుమ గోడను దాటినవాడు. ఆ దాటుట అతనికి ఏ గ్రంథము నేర్పెను? పరీక్షల కొరకు తెలుగున వ్రాసిన పుస్తకములు కొన్ని గలవు. అవి యంత్రపు భాగముల పేర్లు చెప్పును. కడ్డీ వంగినపుడు ఏమి చేయవలెనో, చక్కు ఏ ధ్వని చేసినపుడు యంత్రము నాపవలెనో చెప్పుట అరుదు. ఆ విద్య నేటికిని ఉస్తాదు నోటనే యున్నది. ఉస్తాదు పనిమానినచో దానికిని కోనసముద్రపు కొలిమి గతియే పట్టును.

దీనికి కొందరు ఆక్షేపణలు చెప్పుదురు. యంత్రముల పేర్లన్నియు ఇంగ్లీషువి కదా, తెలుగున నెట్లు వ్రాయుదురని యొక ఆక్షేపణ. లేతు, చక్కు, వైసు, కొల్లెట్టు అను మాటలను కార్ఖానాలోని పనివాడు తెలుగు విభక్తులు చేర్చి దినమెల్ల పలుకుచునే యున్నాడు. అతని నోటికి కష్టము గాని మాట మన కలమునకు కష్టమగుట వింత. పనివాడు తన రహస్యమును చెప్పడని మరియొక ఆక్షేపణ. గౌరవముతో అడిగినవారికి చెప్పనివారు అరుదు. చేయి మాసినవానిని గుమ్మము వెలుపల నిలిపి, బేరము ముగించి పంపువారికి అతడు విద్య చెప్పవలసిన పని యేమి?

ఇది ప్రభుత్వము చేయవలసిన పనియని మూడవ ఆక్షేపణ. ప్రభుత్వము చేయవలసినది దానికి గలదు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. రైతులు ఏండ్ల తరబడి కోరిన కోరిక అది. బోర్డు ధరను గూర్చియు ఎగుమతిని గూర్చియు పాటుపడవచ్చును. కాని పీపా నిలిచిన దినమున రైతును ఆదుకొనువాడు వీధిచివర కార్ఖానాలోని పనివాడే. అతని విద్యను మన్నించుట, దానిని వ్రాసియుంచుట అక్షరము నేర్చిన గృహస్థుల పని. ఇంట లెక్కలు వచ్చిన బాలుడో బాలికయో యున్నచో, ఒక సెలవునాడు ఉస్తాదు చెంత కూర్చుండబెట్టుడు. అతడు చేయునదానిని అడిగి, అతని మాటలలోనే వ్రాసికొని, కొలతలతో బొమ్మ గీయుమనుడు. ఆడపిల్లకు ఇనుము పని యేల యని అనకుడు. త్రవ్విన కొమ్మునుండి మట్టి దులుపు చేయి ఆడుదానిదైనపుడు, కొమ్మును మెరయించు పీపాను తెలిసికొను బుద్ధి ఆమెకు ఏల కూడదు?

తిరుగునది పనియా, పనిముట్టా యని మొదట అడిగితిమి. ఏది తిరిగినను ఒకటి తిరుగవలెను, ఒకటి నిలువవలెను, రెండింటి పట్టును గట్టిగా నుండవలెను. చేతిపనియు అక్షరమును ఇట్టివే. కోనసముద్రమున చేయి యెంతయో తిరిగినది. దానికి ఎదురుగా నిలువవలసిన అక్షరము లేకపోయినది. రేపు గడపకు పసుపు పూయునపుడు మన ఇల్లాండ్రు ఆ పీపాను, ఆ చిన్న పిన్నును, దానిని తిన్నగా పట్టిన చేతిని ఒక్కసారి తలచుకొందురుగాక.